ఏసీ కొనే ముందు ఒకసారి డాబా ఎక్కండి

ఈ రోజు ఎపిసోడ్ మా డాబా మీద నుంచే మొదలుపెడుతున్నాను. మే నెల, మధ్యాహ్నం రెండున్నర, ఊరు బెజవాడ. ఎండ గురించి ఇంకేం చెప్పక్కర్లేదు అనుకుంటా. చెప్పులు లేకుండా ఇక్కడ మూడు అడుగులు వేస్తే నాలుగో అడుగుకి గంతులే.

ఒకసారి ఈ డాబా మొత్తం చూడండి. మూడు ముక్కలుగా కనిపిస్తుంది. అదిగో ఆ చివర, పాచి పట్టి ఎండి నల్లగా ఉన్న ముక్క కింద మా సామాన్ల గది ఉంది. దానికి మేం ఏమీ చేయలేదు. కారణం సింపుల్, డబ్బులు అయిపోయాయి. మధ్యలో తెల్లగా ఉన్నది హాలు మీద స్లాబ్. దానికి సున్నం మాత్రమే వేశాం. ఇటు పడమర వైపు కొంచెం ఎత్తుగా, తెల్ల టైల్స్ పరిచి ఉన్నది మా నానమ్మ గది పైన. ఆ టైల్స్ కింద ఇన్సులేషన్ ఉంది.

నా చేతిలో ఉన్నది గన్ లాంటి థర్మామీటర్. దేని మీద పెడితే దాని పైభాగం ఎంత వేడిగా ఉందో చూపిస్తుంది. ఏమీ చేయని నల్ల స్లాబ్ మీద పెడుతున్నా... 62 డిగ్రీలు. రెండు అడుగులు ఇటు జరిగి సున్నం మీద పెడుతున్నా... 45. ఒకటే ఇల్లు, ఒకటే ఎండ, ఒకటే నిమిషం. తేడా 17 డిగ్రీలు.

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ మూడు ముక్కల కథే. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెప్తాను, కనీసం మీ డబ్బులైనా మిగులుతాయి.

నానమ్మ గది

మా ఇల్లు తాతయ్య 1984లో కట్టించారు. మొగల్రాజపురం కొండకి దగ్గర్లోనే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, పైన ఐదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబ్, దాని మీద పల్చగా ఒక సిమెంట్ పూత. అంతే. ఆ రోజుల్లో స్లాబ్ ఇల్లు అంటే గొప్ప. పెంకుటింట్లోంచి స్లాబింట్లోకి మారడం అంటే ప్రమోషన్ వచ్చినట్టు.

మరి అప్పుడు వేడి అనిపించలేదా అని మా నాన్నని అడిగాను. ఆయన నవ్వేశారు. "వేసవిలో గదుల్లో ఎవడు పడుకున్నాడ్రా? సాయంత్రం డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లి, మంచాలు వేసుకుంటే తెల్లారేదాకా అక్కడే" అన్నారు. అర్థమైందా? ఆ స్లాబ్ రాత్రంతా వేడి కక్కుతుంటే, కింద మనిషే ఉండేవాడు కాదు. అందరూ దాని పైన ఉండేవాళ్ళు. ఇల్లు మారలేదు, పడుకునే చోటు మారింది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు, గాలి రాదు. దోమలు. పైగా నానమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. అందుకని ఆవిడ పడమటి గదిలో, ఆ స్లాబ్ కిందే పడుకుంటుంది.

రెండేళ్ళ క్రితం మే నెలలో ఒక సాయంత్రం ఏడింటికి నేను ఇంటికొచ్చేసరికి నానమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది. "నానమ్మా, కాఫీ తాగావా?" అంటే నన్ను మా బాబాయ్ పేరుతో పిలిచింది. మళ్ళీ అడిగితే ఏదేదో మాట్లాడింది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు తడి గుడ్డలతో ఒళ్ళంతా తుడుస్తూ ఉన్నాం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, దేవుడి దయ వల్ల లేచి తిరిగింది. డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టర్ గారు మందుల చీటీ కంటే ముందు ఒక మాట అడిగారు. "ఆవిడ ఏ గదిలో పడుకుంటారు?"

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆవిడ ఎండలోకి వెళ్ళలేదు. గడప దాటలేదు. వడదెబ్బ ఇంట్లోనే తగిలింది. 2015 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైనే వడదెబ్బతో పోయారు. ఎండలో పనిచేసేవాళ్ళకే ఇది జరుగుతుందని మనం అనుకుంటాం. మూసిన గదిలో ఉన్న పెద్దవాళ్ళకి కూడా జరుగుతుంది. మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఒళ్ళు కాలిపోవడం కనిపిస్తే "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనుకోవద్దు. వెంటనే 108.

అసలు వేడి ఎక్కడి నుంచి వస్తోంది?

మా నాన్న మొదటి ఆలోచన, మీ అందరి మొదటి ఆలోచనే. "ఈఎంఐలో ఏసీ పెట్టించేద్దాం." నేను సివిల్ డిప్లొమా చదివి సైట్‌లో పనిచేస్తున్నాను కాబట్టి, ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. మీరూ చూడండి, కష్టమేం కాదు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వేడి పడుతుంది. నల్లబడిన సిమెంట్ దాంట్లో ముప్పాతిక వంతు దాకా మింగేస్తుంది. అందులో కొంత మళ్ళీ గాలిలోకి పోతుంది, కొంత స్లాబ్‌లోకి దిగుతుంది. ఐదు అంగుళాల స్లాబ్‌కి పైనా కిందా 25 డిగ్రీల తేడా ఉందనుకుంటే, పది బై పన్నెండు గదిలోకి కేవలం పైకప్పు నుంచే సుమారు 900 వాట్ల వేడి వస్తుంది. 900 వాట్లంటే ఏంటో తెలుసా? ఇస్త్రీ పెట్టె. మా నానమ్మ నెత్తి మీద మధ్యాహ్నమంతా ఒక ఇస్త్రీ పెట్టె ఆన్‌లో ఉన్నట్టు. దాని కింద మనం ఫ్యాన్ తిప్పుతున్నాం. ఫ్యాన్ గాలిని కదుపుతుంది, వేడిని తీసేయదు.

ఇంకో సంగతి. స్లాబ్ అంటే అట్లపెనం లాంటిది. వేడెక్కడానికి టైమ్ పడుతుంది, చల్లారడానికీ టైమ్ పడుతుంది. పైన మధ్యాహ్నం ఒంటిగంటకి పడిన ఎండ, కింద గదిలో సాయంత్రం నాలుగైదింటికి తెలుస్తుంది. ఎండ పోయాక కూడా అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. బయట గాలి చల్లబడినా గదిలో ఉక్క తగ్గకపోవడానికి కారణం ఇదే.

బెజవాడలో ఇంకో కష్టం కూడా ఉంది. ఇది కొండల మధ్య ఊరు. ఇటు ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండలు, కృష్ణ అవతల సీతానగరం, ఉండవల్లి కొండలు. పగలంతా కాలిన రాయి రాత్రి వేడి వదులుతుంది. సముద్రం మరీ దూరం కాదు కాబట్టి గాలిలో తేమ ఉంటుంది. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని కట్టమంచి రామలింగారెడ్డి గారు అన్నారని చెప్పుకుంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదట ఇక్కడే మొదలైంది, ఆయన దానికి మొదటి వైస్ ఛాన్సలర్. వందేళ్ళ కిందట, ఇన్ని స్లాబులు లేనప్పుడే ఆ పేరు వచ్చిందంటే చూసుకోండి.

పాత పెంకుటిళ్ళు, మిద్దెలు ఎందుకు చల్లగా ఉండేవి?

ఏదో మంత్రం కాదు. పెంకుటింట్లో పెంకులకీ మనిషికీ మధ్య బోలెడు ఎత్తు ఉంటుంది, చాలా ఇళ్ళల్లో అటక ఉంటుంది. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఇంకా పాత డాబాలు ఉండేవి, మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టి, ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి మందంగా పోసి దిమ్మిస కొట్టేవాళ్ళు. కాంక్రీట్ కంటే ఇటుక, సున్నం వేడిని నెమ్మదిగా పంపిస్తాయి. పైగా మందం ఎక్కువ.

తర్వాత మనం స్టీలు, సిమెంట్ పట్టుకుని మందం తగ్గించేశాం. బలంలో లోటు లేదు. కానీ వేడిని ఆపే పొర పోయింది. మన దేశంలో కొత్త ఇళ్ళ కోసం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ వచ్చింది. పైకప్పు ఎంత వేడిని లోపలికి పంపొచ్చో అందులో ఒక పరిమితి ఉంది, 1.2. ఒక చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి ఇన్ని వాట్లు అని ఆ లెక్క. మా తాతయ్య స్లాబ్‌కి లెక్క వేస్తే 3.4 వచ్చింది. దాదాపు మూడు రెట్లు. ఆ కాలంలో కట్టిన మామూలు స్లాబ్ ఇల్లు ఏది తీసుకున్నా ఇంచుమించు ఇంతే వస్తుంది.

నేను చేసిన తప్పు

లెక్క కరెక్ట్‌గా వేశాను. పని తప్పుగా చేశాను. జూన్ వచ్చేస్తోంది, త్వరగా అయిపోవాలి. ఎవరో చెప్తే నానమ్మ గదిలో స్లాబ్ కింద థర్మోకోల్ షీట్లు పెట్టించి, దాని కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించాను. రెండు రోజుల్లో పని అయిపోయింది. చూడటానికి బాగుంది. వేడి కూడా కొంచెం తగ్గింది. నేను హీరో అయిపోయాను.

ఆగస్టులో వానలు పడ్డాయి. ఫాల్స్ సీలింగ్ మూలన ఒక గోధుమరంగు మచ్చ వచ్చింది. వారానికి అది చేటంత అయింది. విప్పి చూస్తే థర్మోకోల్ పూసల మధ్య నీళ్ళు నిలిచి ఉన్నాయి. స్లాబ్‌కి ఎప్పటి నుంచో సన్న పగులు ఉంది, అక్కడి నుంచి కారుతోంది. ఇంతకుముందైతే మచ్చ కనపడగానే చూసేవాళ్ళం. నేను దానికి కింద పరదా కట్టేశాను. పెచ్చులు ఊడి, లోపల కమ్మి తుప్పు పట్టి కనిపించింది. అది నానమ్మ మంచానికి సరిగ్గా పైన. పెచ్చు ఊడి మీద పడితే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

మొత్తం పీకేశాం. డబ్బులు పోయాయి. మా మేస్త్రి గారు ఒకటే మాట అన్నారు. "బాబూ, ఎండా వానా పైనుంచి వస్తుంటే నువ్వు కిందనుంచి గొడుగు పట్టావు."

ఆ ఒక్క మాటలో సగం ఇంజనీరింగ్ ఉంది ఫ్రెండ్స్. ఇన్సులేషన్ స్లాబ్ కింద పెడితే స్లాబ్ అలాగే ఎండలో కాలుతుంది, పగులు పెరుగుతుంది. పైన పెడితే స్లాబ్ నీడలో ఉన్నట్టే. పై అంతస్తు వేరేవాళ్ళదై డాబా మీద హక్కు లేకపోతేనో, ఇంకే దారీ లేకపోతేనో కిందనుంచి చేయండి. అప్పుడు కూడా కారడం లేదని తేలాకే. ఇంకోటి, థర్మోకోల్‌కి నిప్పు అంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది. దాన్ని గదిలో ఎప్పుడూ తెరిచి వదిలేయొద్దు.

వరస తప్పితే డబ్బు దండగ

మరుసటి ఫిబ్రవరిలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి వరసగా.

మొదటిది, నీళ్ళు. స్లాబ్ మీద ఒక రోజు నీళ్ళు నిలబెట్టి ఎక్కడ చెమ్మ దిగుతోందో చూశాం. పగుళ్ళు కోసి నింపారు. తుప్పు పట్టిన కమ్మికి చుట్టూ పాత కాంక్రీట్ కొట్టేసి, తుప్పు గీకి, రిపేర్ చేశారు. వాన నీళ్ళు పైపుల వైపు పోయేలా వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ వేశారు. ఇది ఎవరికీ కనపడని ఖర్చు. మా నాన్న "ఇంత పోశాం, ఇంకా చల్లబడలేదేంట్రా?" అని రోజూ అడిగేవారు. కానీ ఇది లేకుండా మిగతాదేదీ చేయొద్దు.

రెండోది, తెలుపు. ఇది అన్నిటికంటే చౌక, అందరూ చేయగలిగింది. హాలు మీద మేమే వేశాం. సున్నం నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి, డాబా శుభ్రంగా కడిగి, సాయంత్రం పూట స్లాబ్ చల్లారాక మూడు పూతలు. సున్నానికి, జిగురుకి, కుంచెలకి కలిపి మాకు రెండు వేల లోపే అయింది. కూలీ మేమే. జాగ్రత్త ఏంటంటే, రాతి సున్నంలో నీళ్ళు పోస్తే సలసలా మరుగుతుంది. కళ్ళజోడు, చేతికి గ్లవ్స్ లేకుండా దిగొద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

సున్నానికి ఉన్న లోపం, వానలకి కొట్టుకుపోతుంది. ప్రతి ఏడాదీ మార్చిలో మళ్ళీ వేయాలి. కూల్ రూఫ్ పెయింట్లు అని దొరుకుతాయి, అవి ఖరీదు ఎక్కువ, కొన్నేళ్ళు ఉంటాయి. విరిగిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించుకోవడం ఇంకో పద్ధతి, అది చాలా ఏళ్ళు ఉంటుంది. ఏది వేసినా దుమ్ము పడితే పని తగ్గిపోతుంది. వేసవి మొదట్లో ఒకసారి కడగాలి.

ఇదేదో యూట్యూబ్ చిట్కా అనుకునేవాళ్ళకి ఒక మాట. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల్ని ఇలా మార్చాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. అంటే ఒక ప్రభుత్వమే దీన్ని పాలసీగా రాసుకుంది. మనం ఒక్క డాబాకి చేయలేమా?

మూడోది, ఇన్సులేషన్. ఇది నానమ్మ గది మీద మాత్రమే చేశాం, ఎందుకంటే ఖర్చు ఎక్కువ. వాటర్‌ప్రూఫింగ్ మీద 40 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు పరిచారు. థర్మోకోల్‌కి ఇది తమ్ముడే, కానీ గట్టిగా ఉంటుంది, నీళ్ళు పీల్చుకోదు. దాని మీద ఒక గుడ్డ లాంటి పొర, ఆ పైన రెండు అంగుళాల సన్న కాంక్రీట్, పైన తెల్ల టైల్స్.

ఇప్పుడు ఆ పాత లెక్కే మళ్ళీ వేద్దాం. 3.4 ఉన్నది 0.65కి వస్తుంది. అదే గది, అదే 25 డిగ్రీల తేడాకి 900 వాట్ల చోట 180 వాట్లు. పైన తెల్ల టైల్స్ ఉన్నాయి కాబట్టి ఆ తేడా కూడా తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టె పోయి రెండు పాతకాలం బల్బులు మిగిలాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి స్కిప్ చేయొద్దు. బోర్డు బరువు ఉండదు. కానీ పైన పోసే రెండు అంగుళాల కాంక్రీట్ చదరపు మీటరుకి 100 కేజీలు దాటుతుంది. నలభై ఏళ్ళ స్లాబ్ అంత బరువు మోస్తుందా లేదా అనేది ఇంజనీర్ వచ్చి చూసి చెప్పాలి. పెచ్చులు ఊడుతున్న స్లాబ్ మీద మట్టికుండలు బోర్లించి కాంక్రీట్ పోయించడం, డాబా నిండా మట్టి పోసి తోట పెంచడం, ఇలాంటివి ఎవరినీ అడక్కుండా చేయొద్దు. స్లాబ్ బలహీనంగా ఉందంటే సున్నం దగ్గరే ఆగిపోండి. సున్నానికి బరువు లేదు.

నాలుగోది, పడమటి గోడ, కిటికీ. సాయంత్రం ఎండ ఏటవాలుగా నేరుగా గోడకి కొడుతుంది. గోడకి అడుగు దూరంలో వెదురు తడికలు కట్టించాం. కిటికీకి కర్టెన్ లోపల కడతారు అందరూ. అది వెలుతురు ఆపుతుంది గానీ, అద్దం దాటి వచ్చేసిన వేడి అప్పటికే గదిలో ఉంటుంది. నీడ ఎప్పుడూ కిటికీ బయట ఉండాలి. తడికో, గ్రీన్ నెట్టో, ఏదైనా సరే.

ఐదోది, పైసా ఖర్చు లేనిది, అందరూ మర్చిపోయేది. రాత్రి గాలి. ఇన్సులేషన్ వేడిని లోపలికి రానివ్వదు, అలాగే లోపలున్న వేడిని బయటికీ పోనివ్వదు. మనుషులు, టీవీ, వంట, ఈ వేడంతా ఎక్కడికి పోవాలి? అందుకని పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసేయాలి. రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తీసేయాలి. మా నానమ్మ గదిలో పైన వెంటిలేటర్ ఉంది. ఎప్పుడో దుమ్ము వస్తోందని అట్టముక్క పెట్టి మూసేశాం. దాన్ని తీసి దోమల జాలీ కొట్టాం. వేడి గాలి పైకే పోతుంది కదా, దానికి దారి అదే. పాతవాళ్ళు ప్రతి గదికీ వెంటిలేటర్ ఊరికే పెట్టలేదు.

రేకుల ఇళ్ళు, అద్దె ఇళ్ళు

కొండ మీద చాలా ఇళ్ళు రేకులవి. రేకు స్లాబ్ లాంటిది కాదు, వెంటనే కాలుతుంది, వెంటనే చల్లారుతుంది. మధ్యాహ్నమే నరకం. రేకు మీద తెల్ల పూత చాలా బాగా పనిచేస్తుంది. లోపల రేకుకి ఒక అడుగు కింద వెదురు చాపలతో అటక లాగా కట్టి, రెండు చివర్లా గాలి పోయేలా సందు వదలండి. పాత సిమెంట్ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం. డ్రిల్లింగ్ చేయొద్దు, కోయొద్దు, పొడిగా గీకొద్దు. రేకు మీద కాలు పెట్టి నడవొద్దు, విరుగుతుంది. నిచ్చెన మీద నుంచి పొడుగు కర్ర రోలర్‌తో వేయించండి.

అద్దెకి ఉండేవాళ్ళు ఓనర్ గారిని అడగండి. "నాకు ఏసీ పెట్టించండి" అంటే ఒప్పుకోరు. "సున్నం నేను వేసుకుంటాను, పర్మిషన్ ఇవ్వండి, మీ స్లాబే బాగుంటుంది" అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు. డాబా మీదకి ఎక్కనివ్వకపోతే బయట తడికలు, రాత్రి కిటికీలు, మంచం గోడకి దూరంగా జరపడం. ఇవి ఎవరినీ అడగక్కర్లేదు.

మరి ఏసీ వద్దా?

వద్దని నేను చెప్పను. ఇన్సులేషన్ చల్లదనాన్ని పుట్టించదు. బయట 44 ఉంటే గదిలో 28 రాదు. ఎవరైనా వస్తుందని అమ్మితే నమ్మొద్దు. మేం కూడా తర్వాత ఒక టన్ను ఏసీ పెట్టించాం. కానీ మా నానమ్మ సంగతి నాకు తెలుసు. మేం ఇంట్లో ఉన్నంతసేపు ఏసీ నడుస్తుంది. మేం డ్యూటీకి వెళ్ళగానే ఆపేస్తుంది. "ఒక్కదానికోసం అంత కరెంటా?" అంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఇంతే కదా? పైగా కరెంటు పోయే గంట కూడా ఉంటుంది. స్లాబ్ మీద వేసిన పొరని మాత్రం ఎవరూ ఆపలేరు. దానికి స్విచ్ లేదు, బిల్లు లేదు. మేం ఇంట్లో లేనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. నాకు అదే కావాలి.

సరే, ఇప్పుడు టైమ్ రాత్రి తొమ్మిది. కిందకి వచ్చేశాను. అదే థర్మామీటర్‌తో లోపల సీలింగ్ చూస్తున్నా. ఏమీ చేయని సామాన్ల గది, 40. సున్నం వేసిన హాలు, 36. నానమ్మ గది, 34. ఈ గదిలో పొద్దుటి నుంచి ఏసీ వేయలేదు. ఆవిడే ఆపేసింది, నేను చెప్పానుగా. అంకెలు చిన్నవిగా అనిపించొచ్చు. సామాన్ల గదిలో నిలబడితే నెత్తి మీద వేడి తెలుస్తుంది. ఈ గదిలో తెలియదు.

మీరు థర్మామీటర్ కొనక్కర్లేదు. ఈ రోజు రాత్రి పదింటికి ఫ్యాన్ ఆపి, స్టూల్ మీద జాగ్రత్తగా ఎక్కి, ఒక చెయ్యి సీలింగ్‌కి, ఇంకో చెయ్యి తూర్పు గోడకి ఆనించండి. సీలింగ్ గోడ కంటే బాగా వేడిగా ఉందంటే, మీ ఇంట్లో దొంగ ఎక్కడి నుంచి వస్తున్నాడో తెలిసిపోయినట్టే. ఆ గది కింద ఎవరు పడుకుంటున్నారో చూడండి. ముసలివాళ్ళో, పసిపిల్లలో, బాలింతో అయితే, ఈ రాత్రికి మంచం చల్లటి గదిలోకి మార్చండి. సున్నం వచ్చే ఆదివారం వేద్దురుగాని.

ఇదీ ఫ్రెండ్స్ ఈ రోజు ఎపిసోడ్. ఇప్పుడే నానమ్మ లోపలి నుంచి కేకేస్తోంది. ఏంటంటే, "ఆ సామాన్ల గదికి కూడా సున్నం కొట్టండ్రా, ఈ ఏడు ఆవకాయ జాడీలన్నీ అందులోనే ఉన్నాయి" అంటోంది. కాబట్టి ఆదివారం నాకు పని ఉంది. ఉంటాను మరి. జాగ్రత్త, నీళ్ళు బాగా తాగండి.